మేమిద్దరం చదవలేని ఆట

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది వేసవి అది. మేం మయూర్ విహార్‌లో, ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో, రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. మెట్రో కోసం రోడ్డు పొడవునా స్తంభాలు లేపుతున్న రోజులు. కిటికీ తీస్తే సిమెంటు దుమ్ము, మూస్తే ఉక్క. కూలర్‌లో నీళ్ళు పోయడం నా పని, దాని ముందు కూర్చోవడం మా అమ్మాయి పని.

మా పిల్లకి ఒక ఆట యంత్రం ఉండేది. గల్ఫ్‌లో నర్సుగా పనిచేసే మా ఆడపడుచు పంపింది. అరచేయంత ఉంటుంది, పుస్తకంలా మూసుకుంటుంది. తెరిస్తే పైనొక తెర, కిందొక తెర. కింది తెర మీద చిన్న పుల్లతో పొడుస్తూ ఆడాలి. అందులో ఆడేందుకు ఒక కొత్త ఆట రాబోతోందని అది ఏడాదిన్నర ముందే ఏదో పత్రికలో చూసింది. ఆ పేజీ చింపి తన అల్మారా తలుపుకి లోపలి వైపు అంటించుకుంది. పొద్దున్నే స్కూలు బట్టలు తీసుకునేటప్పుడల్లా ఒకసారి చూసుకుని గానీ తలుపు మూసేది కాదు.

ఆ బొమ్మ నాకూ బాగానే గుర్తు. కత్తి పట్టుకున్న ఒక అమ్మాయి, పొట్ట ఉన్న ఒక సన్యాసి, చేతికర్రతో ఒక ముసలాయన, నక్క ముఖం ఉన్న ఒక మనిషి. నలుగురూ కొండ మీద నిలబడి దూరంగా ఉన్న కోటకేసి చూస్తుంటారు. ఆకాశంలో రెండు చందమామలు.

"రెండెందుకే?" అన్నాను ఒకరోజు.

"వహీ తో పతా కర్‌నా హై, మమ్మీ," అంది. అదే కనుక్కోవాలట. మేం తెలుగులో అడిగేవాళ్ళం, అది హిందీలో జవాబు చెప్పేది. మా బ్లాకులో తెలుగు వాళ్ళ పిల్లలందరిదీ అదే వరస.

ఆ ఆట గురించి నాకు ఎన్నిసార్లు చెప్పిందో. మిగతా ఆటల్లాగా ఇందులో గబగబా మీటలు నొక్కక్కర్లేదట. ముందు మన వంతు, తర్వాత వాళ్ళ వంతు. కత్తితో కొట్టాలా, మంత్రం వెయ్యాలా, మందు తాగాలా అని మనం తేల్చుకునేదాకా ఎదుటి రాక్షసుడు ఎంతసేపైనా అలా నిలబడే ఉంటాడట.

"అష్టాచెమ్మాలాగన్నమాట," అన్నాను.

"అష్టా... క్యా?"

"మీ నాన్నకి కూడా ఆ రాక్షసుడికున్నపాటి ఓర్పు ఉంటే బాగుండు," అన్నాను. అది నవ్వి నా వీపు మీద వాలిపోయింది.

వాళ్ళ నాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. కోపిష్టి కాదు, మాట తప్పని మనిషి. ఆయన మాట ఏమిటంటే, జూలై ఒకటో తారీఖున పదకొండో తరగతి మొదలు, అదే రోజున కోచింగూ మొదలు. ఆ రోజు యంత్రం బీరువాలోకి వెళ్ళాలి. పన్నెండో తరగతి పరీక్షలయ్యాకే మళ్ళీ బయటికి రావాలి. మా అమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక తెలిసింది, ఆ ఆట మన దేశానికి వచ్చేది చలికాలంలోనని. జపానులో మాత్రం అప్పటికే వచ్చేసింది. అంటే ఏడాదిన్నర ఎదురుచూసిన ఆట కోసం ఇంకో రెండేళ్ళు ఎదురుచూడాలి. ఆ వార్త చదివిన రోజు అది అన్నం తినలేదు. వాళ్ళ నాన్నని మాత్రం ఒక్క మాట అడగలేదు. అదీ ఆయన కూతురే కదా.

అంతలో మా పై అంతస్తు ఆఫీసరుగారు సర్కారు పని మీద జపాను వెళ్తున్నారని తెలిసింది. ఆయనదీ మా కోస్తా వైపే. మా తెలుగు వాళ్ళలో ఎవరు విదేశం వెళ్తున్నా, ఏమేం తేవాలో రాసిన చీటీలు వాళ్ళింటికి వెళ్ళిపోతాయి. ఒకావిడ మోకాళ్ళకి అంటించుకునే పట్టీలు రాసింది, ఒకాయన మడిస్తే జేబులో పట్టే గొడుగు రాశాడు, మా పాస్టరమ్మగారు టీ ఫ్లాస్కు రాశారు. మా అమ్మాయి ఆట పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసి, అల్మారా తలుపుకున్న బొమ్మని జాగ్రత్తగా ఊడదీసి చీటీకి జత చేసింది. తన దగ్గరున్న యంత్రం ఏదో అదీ రాసింది. ఏ దేశంలో కొన్న ఆట బిళ్ళయినా ఈ యంత్రంలో ఆడుతుందని ముందే కనుక్కుంది కూడా.

మే నెల నడిమధ్య ఆయన తిరిగొచ్చారు. వాళ్ళావిడే స్వయంగా కిందికి దిగి తెచ్చి ఇచ్చింది.

"మీ పిల్ల ధర్మమాని మా ఆయన ఓ గంట ఆటల కొట్లో నిలబడ్డారట వదినా. చుట్టూ అంతా పదిహేనేళ్ళ పిల్లలేనట. ఈయన కోటూ టై కట్టుకుని, ఆ బొమ్మ కాగితం పట్టుకుని!"

"అంకుల్ కో థాంక్యూ బోల్‌నా ఆంటీ, థాంక్యూ, థాంక్యూ," అంటూ మా అమ్మాయి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. పెట్టె అట్ట మీద అదే బొమ్మ. నలుగురు మనుషులు, రెండు చందమామలు. తపాలా బిళ్ళంత ముక్కని యంత్రంలో దూర్చింది. సంగీతం వచ్చింది. నేను చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడ్డాను.

తర్వాత నేను చూస్తుండగానే దాని ముఖం మారిపోయింది.

"మమ్మీ, యే తో జపానీ మే హై."

నిజమే. మొదటి మాట నుంచి అంతా జపాను భాషే. చీటీలో అన్నీ రాశాం, భాష ఒక్కటి రాయలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లకి ప్రపంచంలో ఆటలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయన్నది గాలీ నీరూ లాంటి సంగతి. ఢిల్లీలో ఫైళ్ళు చూసే ఆఫీసరుగారికీ తట్టలేదు. జపాను కొట్లో జపాను ఆట కాక ఇంకేం దొరుకుతుంది? సాయంత్రం ఆయనే దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "సారీ తల్లీ, నేనన్నా అట్ట వెనక్కి తిప్పి చూడాల్సింది," అన్నారు. అది "కోయీ బాత్ నహీ, అంకుల్," అని మర్యాదగానే చెప్పి, లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

రెండు రోజులు ఆ యంత్రం టీవీ మీద మూతపడి ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నేనే తీసి దాని పక్కన కూర్చున్నాను.

"ఒకసారి చూపించవే, ఏముందో."

"క్యా దేఖోగీ? పఢ్‌నా హీ నహీ ఆతా." చదవడమే రాదు కదా, ఏం చూస్తావు అని.

"నాకు రానిది ఇదొక్కటేనా?" అన్నాను.

నేను మా ఊళ్ళో నాలుగో తరగతి దాకా చదివాను. తెలుగు చదువుతాను, రాస్తాను. హిందీ మాట్లాడతాను, చదవలేను. ఇంగ్లీషు చదవనూ లేను, మాట్లాడనూ లేను. పెళ్ళయి ఢిల్లీ వచ్చినప్పటి నుంచి ఈ ఊరంతా నాకు ఆ జపాను ఆటలాగే ఉంది. కానీ నేను తప్పిపోయింది లేదు. ఆస్పత్రిలో పిల్లల డాక్టరు గది బోర్డు మీద రెండో అక్షరానికి తోక ఉంటుంది. కరెంటు బిల్లు మీద మూల ముద్ర గుండ్రం, టెలిఫోను బిల్లు మీద పలక. జ్వరం మాత్రల అట్ట మీద మొదటి అక్షరం కుర్చీలా ఉంటుంది. చదవడం రాని మనిషి బోర్డు వంక చూడదనుకుంటారు గానీ, చదవగలిగేవాళ్ళకంటే ఎక్కువసేపు చూస్తుంది. ఇదంతా మా అమ్మాయికి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు. ఆ మధ్యాహ్నం చెప్పాను. అది కొంచెం ఇటు తిరిగింది.

ఆట తెరిచింది. మొదటి పోట్లాటలోనే నాలుగు వరసల మాటలు వచ్చాయి. "మొదటిది నొక్కు," అన్నాను. అమ్మాయి కత్తితో కొట్టింది. "బాగుంది. మళ్ళీ వంతు వచ్చినప్పుడు రెండోది." నిప్పు లేచింది. మూడోది నొక్కితే సంచీ తెరుచుకుంది. నాలుగోది నొక్కితే నలుగురూ కాళ్ళకి బుద్ధి చెప్పారు.

"అంతే కదే! కొట్టడం, మంత్రం, మూట, పరుగు. ఇందులో చదవడానికేముంది?"

"మమ్మీ!" అని పెద్దగా నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

ఆ రోజే పాత స్కూలు నోట్‌బుక్‌లో మిగిలిన కాగితాలు తీశాను. ఒక్కొక్క గుర్తూ బొమ్మలా గీసి, పక్కన తెలుగులో రాసుకుంటూ పోయాను. చివర చేపల గాలంలాంటి అక్షరం ఉంటే విషానికి విరుగుడు. మొదట మడిచిన మోచేయి ఉంటే దెబ్బకి మందు. జిలేబీ చుట్టలాంటిది ప్రతి మాటలోనూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. నోట్‌బుక్ పెరుగుతూ వచ్చింది. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. అందుకని అది ఆడుతూ ఆడుతూ ఆపి, "మమ్మీ, యే వాలా?" అని కేకేసేది. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివి చెప్పేదాన్ని. నేను చదివి పెడితే గానీ ముందుకి సాగని పని ఈ ఢిల్లీలో అదొక్కటే.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చర్చి ఆడవాళ్ళ కూడికకి వెళ్ళి వచ్చేసరికి నలుగురూ చచ్చి పడున్నారు. విరుగుడనుకుని నిద్ర మందు పోసిందట.

"ఆగొచ్చు కదే నేనొచ్చేదాకా! ఆ రాక్షసుడు ఆగుతాడని నువ్వే చెప్పావుగా."

"వో రుక్ సక్‌తా హై, మై నహీ," అంది. వాడు ఆగగలడు, నేను ఆగలేను.

నిజానికి ఆ ఆగడమే నాకు నచ్చింది. పప్పు కుక్కర్ మూడు కూతలు కూసేదాకా రాక్షసుడు పొట్ట ఊపుకుంటూ నిలబడే ఉండేవాడు. కూరగాయల బండివాడు కింద అరిస్తే నేను బుట్ట తాడు కట్టి దింపి, బెండకాయలు ఏరించి, పైకి లాక్కునేదాకా ఉండేవాడు. నన్ను తొందరపెట్టని మనిషిని అప్పటిదాకా చూడలేదు.

మాటలు అర్థం కాకపోయినా కథ లేకుండా ఎలా కుదురుతుంది? అది నేనే చెప్పేదాన్ని. ముసలాయన ఆ అమ్మాయికి మేనమామ. మీసాలు చూడు, ఎంత పెంకితనమో. సన్యాసికి ఇల్లు ఉంది, పెళ్ళాంతో పడక వచ్చేశాడు. నక్క ముఖం మనిషిది అసలు ఆ ముఖం కాదు, ఎవరి ఉసురో తగిలింది. రెండో చందమామ ఆకాశానికి చెందింది కాదు, కోటలో రాణి వేలాడదీసిన దీపం. "పక్కా?" అని అడిగేది. "పక్కా," అనేదాన్ని. కరెంటు పోయిన మధ్యాహ్నాలు యంత్రం దాని సొంత బ్యాటరీ మీద వెలుగుతుంటే, విసనకర్ర నా చేతిలో, పుల్ల దాని చేతిలో. దాని తల నా భుజం మీద ఉండేది. చెమటకి అతుక్కుపోయినా తీసేది కాదు.

జూన్ పది దాటాక ఇరుక్కుపోయాం. పెద్ద నది, అవతల కోట. వంతెన లేదు, పడవ లేదు. ఎటు వెళ్ళినా తిరిగి అక్కడికే వచ్చేవాళ్ళం. ఎలా దాటాలో ఎవరో ఎక్కడో చెప్పే ఉంటారు, కానీ అది మాటల్లో చెప్పి ఉంటారు. ఒక రోజు, రెండు రోజులు, ఎనిమిది రోజులు. వాళ్ళ నాన్న గోడ క్యాలెండర్ వంక చూడకపోయినా మా అమ్మాయి చూసేది.

"ఛోడో మమ్మీ. దో సాల్ బాద్ ఇంగ్లీష్ మే ఖేల్ లూంగీ." వదిలెయ్, రెండేళ్ళ తర్వాత ఇంగ్లీషులోనే ఆడుకుంటానంది. గొంతు గట్టిగానే ఉంది, కళ్ళు మాత్రం నా వైపు లేవు.

ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ ఆలోచించాను. కొత్త చోట దారి తెలియకపోతే నేనేం చేస్తాను? నలుగురినీ అడుగుతాను. వాళ్ళ మాట అర్థం కాకపోతే, ఎవరు ఎంతసేపు మాట్లాడారో చూస్తాను. కాదనడానికి ఒక్క మాట చాలు. దారి చెప్పాలంటే నాలుగు మాటలు కావాలి.

మర్నాడు దాన్ని కూర్చోబెట్టాను. "మొదటి ఊరికి పద. ప్రతి మనిషినీ పలకరించు."

"అందరినీ ఎప్పుడో పలకరించేశాం మమ్మీ." విసుగులో తెలుగు వచ్చేసింది దానికి.

"తెలుసు. ఎవరు ఎంత మాట్లాడారో నాకు గుర్తుంది. నువ్వు పలకరించు, నేను లెక్కపెడతా."

ఆటలో మనిషి మాట్లాడితే కింద ఒక డబ్బాలో మాటలు వస్తాయి. నొక్కితే ఇంకో డబ్బా. కొలిమి పనివాడు రెండు డబ్బాలు, అప్పుడూ రెండే. పూలమ్మే పిల్ల ఒకటి, అప్పుడూ ఒకటే. ఊరి పెద్ద నాలుగు, అప్పుడూ నాలుగే, వాగుడుకాయ. మొదటి ఊరు అయిపోయింది, రెండో ఊరు అయిపోయింది. మూడో ఊళ్ళో బావి దగ్గర బట్టలుతికే ఒకావిడ ఉంది. అంతకు ముందు ఆవిడ మూడు డబ్బాలు మాట్లాడింది. ఈసారి మూడయ్యాక నాలుగోది వచ్చింది. ఐదోది వచ్చింది.

"ఇదుగో! ఈవిడకి కొత్త సంగతేదో తెలిసింది!"

"ఆర్ యూ ష్యూర్?"

"ఆవిడకి మూడే. నాకు తెలీదా?"

ఆవిడ చుట్టూ ఉన్న ప్రతి రాయినీ మా అమ్మాయి పుల్లతో పొడిచింది. బట్టలు ఆరేసిన దండెం వెనక గోడలో ఒక తలుపు కదిలింది. లోపల మెట్లు, మెట్ల కింద సొరంగం. సొరంగం లోపల నడిచీ నడిచీ పైకి వస్తే కోట గోడ. నదిని కింద నుంచే దాటేశాం. మా అమ్మాయి మంచం మీద లేచి నిలబడి గెంతింది. కింది వాటా వాళ్ళు చీపురుకర్రతో పైకప్పు పొడిచారు. నోట్‌బుక్‌లో ఇంకో పేజీ తిప్పాను.

కోటలో కూడా పని తెమల్లేదు. ఒక్కో అంతస్తుకీ రెండేసి రోజులు పట్టాయి. జూన్ ముప్పై మధ్యాహ్నం రాణి ముందుకి వెళ్ళాం. తెల్ల బట్టలు, తెర నిండా రెక్కలు. రెండుసార్లు ఓడిపోయాం. మూడోసారి గంట దాటింది. మేనమామ పడిపోయాడు, నక్క ముఖం మనిషి పడిపోయాడు, కత్తి అమ్మాయి పడిపోయింది. పొట్ట సన్యాసి ఒక్కడే నిలబడ్డాడు. వాడి వంతు వచ్చింది.

అప్పుడు తలుపు గంట మోగింది. వాళ్ళ నాన్న.

నేను వెళ్ళి తలుపు తీశాను. ఆయన టిఫిన్ క్యారేజీ నా చేతికిచ్చి, లోపల దాని ముఖం చూసి, "ఏమైంది?" అన్నారు.

"ఆఖరి పోట్లాట. ఒక్కడే మిగిలాడు."

"రేపు..."

"రేపు కదండీ ఒకటో తారీఖు."

ఆయన బూట్లు కూడా విప్పకుండా కుర్చీ చివర కూర్చున్నారు. మా అమ్మాయి పుల్ల పట్టుకున్న చెయ్యి తెర మీద ఆగిపోయింది.

"మమ్మీ, మందా? దెబ్బా?"

మందు తాగితే ఇంకో దెబ్బకి తట్టుకుంటాడు, కానీ మూటలో అదే ఆఖరి మందు. కొడితే ఆవిడ పడొచ్చు, పడకపోవచ్చు. నాకూ తెలియలేదు. "నీ ఇష్టం. ఆవిడ ఎక్కడికీ పోదు, ఆలోచించుకో," అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. రాణి రెక్కలు ఊపుతూనే ఉంది. వాళ్ళ నాన్న నుదుటి చెమట కూడా తుడుచుకోలేదు. తర్వాత అది మొదటి వరస నొక్కింది.

సన్యాసి చెయ్యెత్తి కొట్టాడు. రాణి ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత రెక్కల మొన నుంచి తెల్లగా పొడిపొడిగా రాలిపోయింది. మా అమ్మాయి అరవలేదు. యంత్రం ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ కొట్టలేదు. పడిపోయినవాళ్ళు లేచారు. నలుగురూ కోట మెట్ల మీద కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. డబ్బా తర్వాత డబ్బా. నేను లెక్కపెట్టడం మానేశాను. అలవాటు కొద్దీ, "ఇప్పుడు మేనమామ ఏమంటున్నాడంటే..." అని మొదలుపెట్టాను.

"మమ్మీ, రుకో. మై బతాతీ హూ," అని నా మోకాలి మీద చెయ్యి వేసింది. తనే చెబుతానంది.

వాళ్ళ నాన్న వైపు తిరిగి చెప్పింది. సగం హిందీ, సగం తెలుగు. మేనమామ ఊరికి తిరిగి వెళ్ళిపోతాడట. నక్క ముఖం మనిషికి రాణి పోయినా ముఖం మారలేదట, కానీ ఇప్పుడు దానికి సిగ్గుపడడట. రాణి దీపం ఆరిపోయింది కాబట్టి ఇక ఒక్కటే చందమామట. అయితే తెరలో ఇంకా రెండు కనిపిస్తూనే ఉన్నాయి. అది నేను చెప్పిన కథే, కాదు కూడా. ఒకచోట సరిదిద్దబోయి ఆగిపోయాను. ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు పైకి పాకుతూ వెళ్ళిపోయేదాకా అలా చెబుతూనే ఉంది. ఆయన మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

అయ్యాక అది యంత్రం మూసి, తనే లేచి ఆయన చేతికిచ్చింది. అడగనివ్వలేదు. ఆయన బీరువా తాళం చెవి తీశారు. యంత్రాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. పొద్దుటి నుంచి ఆడి ఆడి అది కాలిపోతోంది.

"వేడిగా ఉంది. చల్లారాక పెడదాంలే," అని బల్ల మీద పెట్టారు. బూట్ల తాళ్ళు విప్పుకోవడానికి వంగి, తలెత్తకుండానే అడిగారు.

"ఇంతకీ ఆ పొట్టాయన సంగతి చెప్పలేదు. ఇంటికెళ్ళాడా, లేదా?"

మేమిద్దరం ఒక్కసారే నోరు తెరిచాం.